గెలిస్తేనే అధ్యాయం

ఆకుపచ్చ చొక్కాల టీమ్ ఆ ఏడాది ఆడిన ఆటని హాకీ అనడానికి నోరు రాదు. బంతి వాళ్ళ కర్రకి తగలడమే గగనం, తగిలినా తిన్నగా ఎదుటివాడి దగ్గరికే పోయేది. పెనాల్టీ కార్నర్ దొరికితే ఒకడు గీత మీంచి బంతి నెట్టాలి, ఒకడు ఆపాలి, ఇంకొకడు కొట్టాలి, అంతే కదా పని. వీళ్ళలో నెట్టేవాడు నెట్టేసరికి ఆపేవాడు ఆకాశం కేసి చూస్తుండేవాడు. ఇంత చెత్త ఆటని ప్రతి ఆదివారం టికెట్టు కొనుక్కుని మరీ చూసే మనుషులున్నారంటే వాళ్ళకి వేరే పనీపాటా లేదనే అనుకుంటాం. కానీ అద్దాలాయనకి పని ఉంది. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో కూర్చుని, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం అతని పని. పని కాక రెండు పిచ్చులున్నాయి. ఒకటి ఈ దిక్కుమాలిన టీమ్. రెండోది మంత్రాలూ రాక్షసులూ ఎగిరే పడవలూ ఉండే లావుపాటి నవలలు.

ఈ రెండు పిచ్చులూ కలిసి ఉన్న మనిషి ఊరు మొత్తానికి ఇంకొక్కడే దొరికాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అందరూ లిఫ్టాయన అనేవాళ్ళు. వాళ్ళ స్నేహం మొదలైంది కూడా గ్యాలరీ మెట్ల మీదే. ఆట మధ్య విరామంలో అద్దాలాయన పుస్తకం చదువుకుంటూ పేజీ తిప్పబోతే, వెనక మెట్టు మీంచి ఎవరో, "ఆగండాగండి, నేనింకా సగంలోనే ఉన్నా" అన్నారు. తిరిగి చూస్తే ముక్కు మీద గ్రీజు మరకతో, సిగ్గు లేకుండా మెడ చాచి చదువుతున్న మనిషి. ఆ రోజు టీమ్ గెలిచింది. గెలిచాక ఇంటికి పోబుద్ధి కాలేదు. "పైకి చదవండి, నేనూ వింటాను" అన్నాడు లిఫ్టాయన. మెట్ల మీద ఇద్దరే మిగిలి, గ్రౌండుకి నీళ్ళు కొట్టేవాడు వచ్చి గేటు వేస్తానని గొడవ పెట్టేదాకా చదువుకున్నారు. అప్పట్నుంచి ఒకరికొకరు బావ అయిపోయారు. చుట్టరికం ఏమీ లేదు.

ఆ పుస్తకం పేరు ఉప్పు కోట. మూడు పెద్ద భాగాలు. సముద్రం మధ్యన ఉప్పుతో కట్టిన ఒక కోట, దాని మీద వాన పడకుండా మేఘాల్ని గొర్రెల్లా తోలుకుపోయే ఒక ముసలమ్మ, ఆ ముసలమ్మ మీద కక్షగట్టిన ఒక గాలి. చదివేది ఎప్పుడూ అద్దాలాయనే. వినేది లిఫ్టాయన. ఒకసారి టీమ్ ఓడిన రోజు చదవబోతే లిఫ్టాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బావా. ఓడిన రోజు వింటే ఆ కోపం కథ మీదకి పోతుంది. గెలిచిన రోజే విందాం. గెలుపుకో అధ్యాయం."

"మరి వరసగా ఓడిపోతే?"

"వరసగా ఎందుకు ఓడిపోతారు, నీ నోట మంచి మాట రాదా."

షరతు ఖాయమైంది. ఇద్దరిలో ఎవరూ ముందు పేజీలు తిప్పి చూడకూడదని కూడా అనుకున్నారు. టీమ్ బాగా ఆడే రోజుల్లో అది షరతులాగే లేదు. ఒక సీజన్ తిరక్కుండానే మొదటి భాగం అయిపోయింది, రెండోది కాస్త నిదానంగా నడిచింది. మూడో భాగం మొదలుపెట్టాక టీమ్‌కి ఏం పోయేకాలం వచ్చిందో గానీ, కోచ్ వెళ్ళిపోయాడు, మంచి ఆటగాళ్ళు వేరే టీమ్‌లకి జారుకున్నారు, కథ నత్తనడక పట్టింది. కోట కరిగిపోతుంటే జనం కొండ గుహలోంచి పారిపోతున్నారు. గుహకి రాతి తలుపు ఉంది. ఆ తలుపు పడిపోకుండా ఒక రాక్షసుడు వీపు మీద ఆనించుకుని నిలబడ్డాడు. అందరూ దాటాక అతను బయటికి రావాలి, కానీ అతను కదిలితే తలుపు అతని మీదే పడుతుంది. పాపం ఆ రాక్షసుడు రెండేళ్ళ బట్టి అలాగే రాయి మోస్తూ నిలబడి ఉన్నాడు, మన వాళ్ళు గోలు కొట్టలేక.

లిఫ్టాయనకి ఆ రాక్షసుడంటే ప్రాణం. "లిఫ్టుకి అటుపక్క సమానంగా ఒక బరువు వేలాడుతుంది బావా" అనేవాడు. "అది లేకపోతే ఏ మోటారూ లాగలేదు. వీడికి అటుపక్క ఎవరూ లేరు, అదీ వీడి కష్టం. వీడు బయటపడతాడంటావా?"

"నాకేం తెలుసు, నేనూ చదవలేదు కదా."

"బయటపడాలి. పడకపోతే ఆ రచయిత ఇంటికెళ్ళి అడుగుతా."

ఇంకా ఐదు అధ్యాయాలు మిగిలి ఉండగా లిఫ్టాయనకి కాలేయం చెడిపోయిందని తెలిసింది. ముందు పచ్చకామెర్లన్నారు, తర్వాత ఇంకేదో అన్నారు, చివరికి ఆస్పత్రి వాళ్ళు చేతులెత్తేసి ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు. ఆ మాట లిఫ్టాయన భార్య ఇంటి మెట్ల దగ్గర నిలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"ఈ సీజన్ అయ్యేదాకా ఉండడం కష్టమట అన్నయ్యా. ఆయనకి చెప్పలేదు. ఆ పుస్తకమొకటి, ఎప్పుడూ దాని గురించే. చదివెయ్యి అన్నయ్యా, ఆ గెలుపులూ ఓటములూ మనకెందుకు."

అద్దాలాయన అలాగే లోపలికి వెళ్ళి, మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, పుస్తకం తీసి, మామూలు విషయం మాట్లాడుతున్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఈసారికి షరతు పక్కన పెడదాం బావా. ఇంట్లో పడుకుని ఊరికే ఏం చేస్తావు, చదువుకుందాం."

"గెలిచారా?"

"లేదు."

"మరింకేంటి? మూసెయ్." లిఫ్టాయన ముఖం పచ్చగా, కళ్ళు మరీ పచ్చగా ఉన్నాయి గానీ మొండితనం మాత్రం ఎక్కడికీ పోలేదు. "జాలిపడి చదివితే వినే కథ కాదు అది. నువ్వేమైనా నర్సువా, నాకు మందు పట్టడానికి?"

ఆ వారం ఓడారు. తర్వాతి వారమూ ఓడారు. పైగా ఉన్న ఒక్క గట్టి ఫార్వర్డ్, గుండు చేయించుకుని తిరిగే కుర్రాడు, అందరూ గుండు అనే పిలుస్తారు, ప్రాక్టీసులో కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంక ఈ సీజన్లో గెలుపు మాట మర్చిపోవాల్సిందే. అద్దాలాయన గ్రౌండు నుంచి తిన్నగా లిఫ్టాయన ఇంటికి నడుస్తూ, పాలిపోయిన ఆ ముఖం ఈసారి ఇంకెంత పాలిపోయి ఉంటుందో అనుకున్నాడు. గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, మంచం మీంచి ఆ ప్రశ్న రానే వచ్చింది.

"గెలిచారా?"

"గెలిచాం" అన్నాడు అద్దాలాయన.

నోరు జారిన మాట కాదది. దారి పొడుగునా నమిలి నమిలి అన్న మాట. లిఫ్టాయన దిండు మీద మోచెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. ఎన్నాళ్ళయిందో అతను ఒక్కడే అలా లేచి.

"చెప్పు చెప్పు. ఎవరు కొట్టారు?"

ఎవరు కొట్టారు? అద్దాలాయన బతుకులో అబద్ధం చెప్పి ఎరగడు. దుకాణంలో గిరాకీతో "ఈ ఫ్రేము మీ ముఖానికి బాగుంది" అని కూడా అనలేక యజమానితో చీవాట్లు తినే రకం. కానీ ఇన్నేళ్ళు మంత్రాల కథలు చదివిన గొంతు కదా, దానంతటదే దారి పట్టింది. "ఇంకెవరు, గుండు" అన్నాడు. లిఫ్టాయనకి గుండంటే ఇష్టమని తెలుసు గనక అన్నాడు. "కుడి గీత వెంబడి వచ్చాడు బావా. ఇద్దర్ని దాటించాడు. కొట్టడానికి చోటు లేదు, అందరూ అయిపోయిందనుకున్నారు. గబుక్కున వెనక్కి తిరిగి, కర్ర తిరగేసి కొట్టాడు చూడూ, గోలీ కాళ్ళ సందులోంచి పోయింది."

"అబ్బ" అని కళ్ళు మూసుకున్నాడు లిఫ్టాయన. ఆ గోలు చూస్తున్నవాడిలా కాసేపు అలాగే ఉండి, "సరే, తియ్యి పుస్తకం" అన్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అతని భార్యకి అంతా అర్థమైంది. ఆ రోజు నుంచి పేపర్లో ఆటల పేజీ ఆ ఇంటి మంచం దాకా రాలేదు. ఫోను చూస్తే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయని లిఫ్టాయనే దాన్ని పక్కన పడేశాడు. అద్దాలాయన నాలుగు ఆదివారాలు వరసగా గ్రౌండుకి వెళ్ళి, ఓటమి చూసి, గెలుపు మోసుకొచ్చాడు. నాలుగు అధ్యాయాలు చదివాడు. రాక్షసుడి కాళ్ళ మధ్య నుంచి జనం దాటుతూనే ఉన్నారు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, ముసలివాళ్ళు, చివరికి మేఘాల ముసలమ్మ కూడా దాటింది. ఇంక గుహలో రాక్షసుడొక్కడే. మిగిలింది ఒక్క అధ్యాయం.

తమాషా ఏంటంటే లిఫ్టాయన నిజంగానే తేరుకున్నట్టు కనిపించాడు. గంజి రెండు గరిటెలు ఎక్కువ తాగుతున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. తన చేతి కింద పనిచేసేవాణ్ణి పిలిపించి, ఏదో భవనంలో లిఫ్టు రెండో అంతస్తులో ఎందుకు కుదుపుతోందో మంచం మీంచే విడమరిచి చెప్పాడు. అద్దాలాయన కూడా తన అబద్ధాన్ని మందు అనుకోవడం మొదలుపెట్టాడు. మనిషి ఆశకి అంతూ పొంతూ ఉండదు కదా.

ఐదో వారం మధ్యలో లిఫ్టాయన చల్లగా అన్నాడు. "ఆదివారం నేనూ వస్తాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, గ్రౌండుకి. వరసగా నాలుగు గెలిచిన టీమ్‌ని నేను చూడకపోతే ఎలా? చివరి అధ్యాయం అక్కడే, మన మెట్ల మీదే చదువుకుందాం."

అద్దాలాయన ఎండన్నాడు, దుమ్మన్నాడు, డాక్టరు తిడతాడన్నాడు. లిఫ్టాయన భార్య కూడా బతిమాలింది. వింటేనా. "వాన మేఘాల్నే తోలిపారేసింది ఆ ముసలమ్మ, మీరు నన్నొక్కణ్ణి తీసుకెళ్ళలేరా" అన్నాడు. చివరికి లిఫ్టు కంపెనీ వ్యానులో చక్రాల కుర్చీ ఎక్కించారు. దారి పొడుగునా అద్దాలాయన ఒకే ఒక్కటి కోరుకున్నాడు. ఈ ఒక్క రోజు, దేవుడా, ఏ దేవుడైనా సరే, ఈ ఒక్క రోజు గెలవనీ.

గ్రౌండులో తడిపిన కృత్రిమ గడ్డి పచ్చ తివాచీలా మెరుస్తోంది. లిఫ్టాయన ఆ వాసన గట్టిగా పీల్చుకుని, "ఆహా" అన్నాడు. చక్రాల కుర్చీ మెట్లెక్కదు గనక కింద కంచె పక్కనే నిలబెట్టారు. అదే కొంప ముంచింది. కంచెకి అటుపక్క ఆటగాళ్ళ బెంచీ. ఆ బెంచీ చివర, తొడ దాకా సిమెంటు కట్టుతో, చంక కర్రలు పక్కన పెట్టుకుని గుండు కూర్చుని ఉన్నాడు.

లిఫ్టాయన చాలాసేపు ఆ కట్టు వైపే చూశాడు. ఇంతలో గ్యాలరీలో అందరికన్నా గట్టిగా అరిచే పాత ప్రేక్షకుడొకడు, మైకు అని పేరు, పరుగెత్తుకొచ్చి పలకరించాడు.

"ఏమండోయ్, ఎన్నాళ్ళకి! ఇంట్లో హాయిగా పడుకోక ఈ దరిద్రాన్ని చూడ్డానికొచ్చారా?"

"ఆ అబ్బాయి కాలికేమైంది?" అన్నాడు లిఫ్టాయన.

"గుండుకా? అది విరిగి నెల దాటలేదూ? వాడు పోయాక మనకి గోలే లేదు. గెలిచి ఎంత కాలమైందో లెక్క పెట్టడం కూడా మానేశాం."

అద్దాలాయనకి భూమిలోకి కుంగిపోదామనిపించింది. లిఫ్టాయన తిరిగి చూడలేదు. ఆట మొదలైతే ఆట చూశాడు. మొదటి గోలు పడ్డప్పుడు, రెండోది పడ్డప్పుడు, ఎప్పటిలా నాలుక చప్పరించాడు. మూడోది పడ్డాక, "ఎడమవైపు ఎవరూ లేరు, ఎవరూ లేరు" అని గొణుక్కున్నాడు. హూటర్ మోగేదాకా కదల్లేదు. ఆటని సగంలో వదిలి వెళ్ళడం అతనికి చేతకాదు.

వ్యానులో నోరు విప్పాడు.

"గోలు మాత్రం బాగా కొట్టించావు బావా. కర్ర తిరగేసి, గోలీ కాళ్ళ సందులోంచి. నాలుగు రోజులు కలలోకొచ్చింది."

"బావా, నేను..."

"తిట్టడం లేదులే. నాకు తెలీదా ఎందుకు చెప్పావో." కాసేపు కిటికీలోంచి వెనక్కి పోతున్న దుకాణాల్ని చూశాడు. "కానీ నీకొకటి తెలీదు. వాళ్ళు లేచారు కదా, నేనూ లేస్తాననుకున్నాను. పిచ్చి ముండావాణ్ణి. ఇంత అడుగంటిన టీమే వరసగా నాలుగు గెలిచిందంటే, నా కాలేయం ఎంత, అనుకున్నాను. ఆ గంజి అందుకే తాగాను."

అద్దాలాయన ఏడ్చేశాడు. ముందు సీట్లో డ్రైవరు ఉన్నాడని కూడా చూసుకోలేదు.

ఇంటికి చేరి, మంచం ఎక్కించి, దుప్పటి కప్పాక సంచీలోంచి పుస్తకం తీశాడు. "తప్పు నాది. శిక్ష నాకెయ్యి. ఈ ఒక్కటీ చదివేస్తాను, విను. రాక్షసుడు..."

"వద్దు."

"నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళొదులు. పట్టుకోవడానికి అక్కడేం మిగల్లేదు, పట్టిన నీరు తప్ప." తన జోకుకి తనే కొంచెం నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మొండితనం కాదు బావా. ఇప్పుడు రాక్షసుడు బయటపడ్డాడని నువ్వు చదివావనుకో. అది పుస్తకంలో ఉందా, నా ముఖం చూసి నువ్వు అల్లావా అని నాకు అనుమానం. పోయాడని చదివితే, అబద్ధం చెప్పి దొరికిపోయావు గనక ఇప్పుడు నిజం చదువుతున్నావని ఏడుపొస్తుంది. ఎలా విన్నా అది ఇంతకుముందులా ఉండదు. వాళ్ళు నిజంగా గెలిచిన రోజున రా. ఆ రోజు నువ్వేం చదివినా నమ్ముతాను."

కావాలంటే పుస్తకం అతని చేతికే ఇచ్చి చూసుకోమనొచ్చు. అద్దాలాయన ఇచ్చాడు కూడా. లిఫ్టాయన పేజీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, తిరిగిచ్చేశాడు. కళ్ళు మసకబారాయి. అవి ఏ అద్దానికీ లొంగే మసకలు కావని అద్దాలాయనకి తెలుసు.

తర్వాతి ఆదివారం అతను గ్రౌండుకి వెళ్ళిన తీరు వేరు. సరదా లేదు, కోపం లేదు. ఆస్పత్రి బయట రిపోర్టు కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. ఆకుపచ్చ చొక్కాలు ఆ రోజు నిజంగా బాగా ఆడాయి. ఒక గోలు ముందు కొట్టాయి. అద్దాలాయన సంచీ గుండెకి హత్తుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు. ఆఖరి పావుగంటలో వరసగా రెండు గోల్స్ ఇచ్చేశాయి.

వెళ్ళేసరికి లిఫ్టాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"గెలిచారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఈ మనిషి నమ్మినా నమ్మకపోయినా పుస్తకం తెరవొచ్చు.

"ఓడారు బావా. ఒకటి రెండు."

"హమ్మయ్య" అన్నాడు లిఫ్టాయన. ఆ మాట ఎందుకన్నాడో ఇద్దరికీ తెలుసు. "ఎలా ఓడారో చెప్పు. మొదట్నుంచీ చెప్పు. తొందరపడకు."

అద్దాలాయన చెప్పాడు. మొదటి పాస్ ఎవరు ఎవరికిచ్చారో, గాలి ఎటు వీచిందో, గోలు పడ్డప్పుడు మైకు ఎవరి నెత్తిన నీళ్ళ సీసా పడేశాడో, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్క ముక్క కూడా కలపలేదు. లిఫ్టాయన ఊఁ కొడుతూ విన్నాడు. ఊఁ, ఊఁ, ఆ తర్వాత. కాసేపటికి ఊఁ మధ్య ఎడం పెరిగింది, ఇంకాసేపటికి నిద్రలో పడ్డాడు. అద్దాలాయన ఆపకుండా ఆఖరి హూటర్ దాకా చెప్పాడు.

లిఫ్టాయన ఆ వారం మధ్యలో పోయాడు. పొద్దున భార్య పాలు కాచి తెచ్చేసరికి అంతా అయిపోయింది. అద్దాలాయన వెళ్ళాడు, చెయ్యాల్సినవన్నీ దగ్గరుండి చేశాడు. పుస్తకాన్ని ఏం చేయాలో తెలియక సంచీలోనే ఉంచాడు.

ఆదివారం వెళ్ళకూడదనే అనుకున్నాడు. కాళ్ళు వినలేదు. కంచె దగ్గరికి పోలేదు, ఎప్పుడూ కూర్చునే చోటికీ పోలేదు, గ్యాలరీలో ఎవరూ ఎరగని ఓ మూలన కూర్చున్నాడు. ఆట మీద మనసు లేదు. చివర్లో ఆకుపచ్చ వాళ్ళకి పెనాల్టీ కార్నర్ దొరికింది. గీత మీంచి నెట్టేవాడు నెట్టాడు. ఆపేవాడు ఆపాడు. ఎన్నాళ్ళుగా చేతకానిది, అంత సులువుగా ఆపాడు. కొట్టేవాడు కొట్టాడు. బంతి గోలు లోపలి చెక్కకి తగిలిన చప్పుడు గ్రౌండంతా వినిపించింది. ఒకటి సున్నా. కాసేపటికి హూటర్ మోగింది.

జనం పిచ్చెక్కినట్టు గంతులేశారు. కప్పు గెలిచినంత హడావిడి. అద్దాలాయన లేవలేదు. ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. పక్కన కూర్చున్న ఆకుపచ్చ చొక్కా మనిషి, ముక్కూ మొహం తెలియనివాడు, అతని భుజం చుట్టూ చెయ్యి వేశాడు. అతని కళ్ళలోనూ నీళ్ళే.

"ఏడవండి సార్, తప్పేం లేదు. ఎన్నాళ్ళకి గెలిచాం."

"పోయిన వారం గెలవాల్సింది" అన్నాడు అద్దాలాయన.

"పోయిన వారం గెలిస్తే మాత్రం ఏముంది సార్, అప్పుడూ పట్టికలో అడుగునే ఉండేవాళ్ళం."

"అందుక్కాదు. మా బావ కథ చివరిదాకా వినేవాడు."

ఆ మనిషికి ఏమీ అర్థం కాలేదు. అయినా భుజం మీంచి చెయ్యి తియ్యలేదు.